ఆయిల్ పోర్ట్రెయిట్‌లో ఏముంది అంటే: మామ్మగారిని ముందు ఎదురుగా కూర్చోబెట్టండి

మీ ప్రశ్న చదివాను. అమలాపురం దగ్గర ఊళ్లో ఉన్న మామ్మగారికి ఎనభై దాటాయి, ఆవిడ బొమ్మ ఒకటి ఇంట్లో ఉండాలని మీ కోరిక. స్టూడియో వాళ్లు ఫోన్‌లో ఉన్న ఫోటోనే కాన్వాస్ మీద ప్రింట్ తీసి, పైన బ్రష్ గీతల్లా కనిపించేలా జెల్ పూసి రెండ్రోజుల్లో ఇస్తామన్నారు. ఆయిల్ వేసే ఆర్టిస్టేమో ఆవిడ తన ఎదురుగా కూర్చోవాలనీ, మూడు నాలుగు నెలలు పడుతుందనీ అన్నాడు. ఫోటోలో లేనిది ఆయిల్‌లో ఏముంటుంది, పాతకాలపు జమీందారీ దర్జా తప్ప అని మీరు అడిగారు. కాస్త రంగు తేల్చి వేయించమని మీ బాబాయి గారు అంటున్నారట. మన వైపు చెమ్మకి బొమ్మ ఎన్నాళ్లుంటుందోనన్న టెన్షన్ కూడా ఉంది మీకు.

రాజమండ్రిలో ఉంటూ మనుషుల ముఖాలు వేయడమే వృత్తిగా చాలా ఏళ్లు గడిపాను కాబట్టి వివరంగానే చెప్తాను. అన్నిటికంటే ముందు ఒక్క మాట. ఆవిడకి కాసేపు కూర్చునే ఓపిక ఉంటే ఈ వారమే మొదలుపెట్టించండి. వానాకాలం పోనిద్దాం, సంక్రాంతి వెళ్లనిద్దాం అని వాయిదా వేయకండి.

ఇంత తొందర ఎందుకంటే, మన జిల్లాల్లో పెద్దవాళ్ల పటం మనిషి పోయాకే గుర్తొస్తుంది. పెద్దకర్మ నాటికి కావాలంటూ వస్తారు. చేతిలో ఆధార్ కార్డు ఫోటో ఉంటుంది, లేదా ఎవరిదో పెళ్లి ఆల్బమ్‌లో భోజనాల బంతిలో వెనకెక్కడో కనిపించే ముఖం. దాన్ని పట్టుకుని బొమ్మ వేస్తాం. పోలిక వస్తుంది. ఇంట్లోవాళ్లు కళ్లు తుడుచుకుంటారు, దండ వేస్తారు. అలాంటివి నేనూ వేశాను, ఆ పని మీద నాకు గౌరవమే. కానీ మీరు అడిగిన ఆకర్షణ వేరు. ముక్కూమొహం తెలియని మనిషి బొమ్మ ముందు కాళ్లు ఆగిపోతాయే, అది ఆధార్ ఫోటోలోంచి రాదు. ఒక మనిషి ఇంకో మనిషిని ఎదురుగా పెట్టుకుని గంటల తరబడి చూస్తేనే వస్తుంది.

కెమెరా సెకనులో ఏ నూరో వంతు సేపో చూస్తుంది. మంచి ఫోటోగ్రాఫర్ ప్రతిభంతా ఆ ఒక్క క్షణాన్ని ఎంచుకోవడంలో ఉంటుంది, అదీ గొప్ప విద్యే. ఆయిల్ వేసేవాడికి క్షణం అక్కర్లేదు, రోజులు కావాలి. మొదటి రోజు మీ మామ్మగారు ఫోటోకి కూర్చున్నట్టే బిగుసుకుని కూర్చుంటారు. అరగంటయ్యాక భుజాలు కిందికి దిగుతాయి. రెండో రోజుకి కొబ్బరికాయ ధర గురించో, ముని మనవడి చదువు గురించో మాట్లాడుతుంటారు. ఆ తర్వాత ఎప్పుడో మాట మధ్యలో ఆగి, ఎదురుగా మనం ఉన్న సంగతే మర్చిపోయి ఎటో చూస్తారు. ఇవన్నీ ఒకే కాన్వాస్ మీదకి చేరతాయి. కనుబొమ్మ సోమవారంది, నోరు గురువారంది అవుతుంది. ఏ ఒక్క క్షణంలోనూ ఆవిడ ముఖం సరిగ్గా అలా ఉండి ఉండదు. అయినా చూసిన కూతురు "అమ్మే" అంటుంది. మనకి బాగా తెలిసిన మనుషులు మన జ్ఞాపకంలో కూడా ఏదో ఒక్క క్షణంగా ఉండరు కదండీ. రోజూ చూసిన చూపులన్నీ కలిసి ఒక ముఖం అవుతాయి.

ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావిన్చీ మోనాలిసాని 1503 ప్రాంతంలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి దగ్గరే ఉంచుకున్నాడు, వేయించుకున్నవాళ్లకి ఇవ్వనేలేదు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ కుర్రతనం నుంచి 1669లో చనిపోయే దాకా తన ముఖాన్నే మళ్లీ మళ్లీ వేసుకున్నాడు. ఆయన చివరి రోజుల బొమ్మల్లో బుగ్గలు జారిపోయి, కళ్ల కింద సంచులు దిగి ఉంటాయి, ఆ చర్మం మీద రంగు గరుకుగా, మందంగా, వేలితో తడిమి చూడాలనిపించేలా ఉంటుంది. వాటిని అచ్చులో చూసి వదిలేయకండి. అచ్చులో రంగు మందం కనిపించదు, ఆ బొమ్మల బలం సగం అక్కడే ఉంది.

ఇక ఆయిలే ఎందుకు, పోస్టర్ రంగులో అక్రిలిక్కో చాలవా అంటారేమో. మనిషి చర్మానికీ ఆయిల్‌కీ ఒక పొత్తు ఉంది. చీకటి గదిలో ఫోన్ టార్చ్ మీద వేళ్లు మూసి పెట్టి చూడండి, వేళ్ల అంచులు ఎర్రగా వెలుగుతాయి. వెలుతురు చర్మం మీద పడి అక్కడే ఆగిపోదు, కొంచెం లోపలికి వెళ్లి రక్తం రంగు పూసుకుని తిరిగొస్తుంది. బతికున్న ముఖానికీ మైనపు బొమ్మ ముఖానికీ మన కంటికి తెలిసే తేడాల్లో ఇదొకటి. ఆయిల్ రంగు కూడా అలాగే పనిచేస్తుంది. అవిసె నూనెలో కలిపిన రంగు పలచగా వేస్తే గాజులా పారదర్శకంగా ఉంటుంది. కింద లేత పొర ఆరాక దాని మీద పలచటి ఎరుపు, దాని మీద ఇంకా పలచటి గోధుమ వేస్తే, వెలుతురు ఆ పొరల్లోంచి కింది తెలుపు దాకా వెళ్లి వెనక్కొస్తుంది. దీన్నే గ్లేజింగ్ అంటాం. మోనాలిసా నీడల్లో ఇలాంటి గ్లేజులన్నీ కలిపినా 40 మైక్రాన్ల మందం మించదని 2010లో ఎక్స్‌రే పరీక్షలతో తేల్చారు. మన తల వెంట్రుక దానికన్నా మందం. ప్రింట్‌లో ఇంకు కాన్వాస్ పైన ఒకే పొరగా కూర్చుంటుంది. దాని మీద జెల్‌తో ఎన్ని గీతలు పూసినా మెరుపు వస్తుందేమో గాని లోతు రాదు. ఆ గీతలు ముఖం ఎటు తిరిగిందో చూసి పడినవి కూడా కావు.

రెండోది, ఆయిల్ నెమ్మదిగా ఆరుతుంది. అసలు నీళ్ల రంగుల్లా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని గట్టిపడుతుంది. పలచటి పొరకి కొన్ని రోజులు, మందం ఉన్నచోట నెలలు. అంటే నిన్న వేసిన బుగ్గ అంచుని ఇవాళ కూడా మెత్తగా నీడలోకి కలపొచ్చు. ముఖంలో నిజమైన గీత అంటూ ఎక్కడా లేదు. పెదవి అంచు, ముక్కు పక్క, కనురెప్ప మడత అన్నీ ఒకదాంట్లోకి ఒకటి కరిగేవే. గంటలో ఆరిపోయే రంగుతో ఆ కరగడం పట్టాలంటే యుద్ధం చెయ్యాలి. యూరప్‌లో యాన్ వాన్ ఐక్ అనే చిత్రకారుడు 1433లో వేసిన ఎర్ర తలపాగా మనిషి బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. చట్రంతో కలిపినా ఒక నోటు పుస్తకం అంత ఉంటుందేమో. దాని గడ్డం మీద మాసిన వెంట్రుకలు, కంటి తెల్లగుడ్డులో సన్నటి ఎర్ర నరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. దాదాపు ఆరు వందల ఏళ్ల కిందటి మనిషి, రాత్రి సరిగ్గా నిద్రపోలేదేమో అనిపిస్తుంది.

దర్జా మాట కూడా పూర్తిగా తప్పు కాదు. మన దేశంలో ఆయిల్ పోర్ట్రెయిట్ దర్బారుల్లోంచే వచ్చింది. రవివర్మ (1848–1906) మహారాజుల ముఖాలు వేసి పేరు తెచ్చుకున్నాడు. 1894లో ఆయన అచ్చు ప్రెస్ పెట్టాక లక్ష్మీ సరస్వతుల బొమ్మలు మామూలు ఇళ్లలోకీ వచ్చాయి. దేవుళ్లు వచ్చారు గాని ఆ ఇంటి మనుషుల ముఖాలు మాత్రం రాలేదు. కొబ్బరితోట చూసుకుంటూ, పిల్లల్ని పెంచుతూ గడిపిన మీ మామ్మగారి ముఖం ఒక మహారాణి ముఖానికి ఇచ్చినంత శ్రద్ధతో ఎవరైనా చూడటం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

బాబాయి గారి మాట దగ్గరికి వస్తాను. ఇది నాకు గట్టిగా చెప్పాలని ఉంది. దయచేసి రంగు తేల్చమని అడగకండి. ఆర్టిస్టు తనంతట తానే తేలుస్తానన్నా ఒప్పుకోకండి. చామనఛాయని తెల్లగా వేయమంటే పోయేది రంగు ఒక్కటే కాదు, ముఖం ఆకారమే పోతుంది. ముఖం ఎత్తుపల్లాలు కంటికి తెలిసేది వెలుగు నీడల తేడా వల్ల. నల్లటి చర్మం మీద నుదుటి ఎముక, చెంప ఎముక దగ్గర పడే మెరుపు ఆకాశం రంగు తెచ్చుకుని కాస్త నీలంగా, చల్లగా ఉంటుంది. నీడ వైపు చెవి దగ్గర, ముక్కు రంధ్రం దగ్గర ఎర్రటి వెచ్చదనం ఉంటుంది. ఈ చల్లదనం, వెచ్చదనం పక్కపక్కన పడటం వల్లే ముఖం కాన్వాస్ లోంచి ముందుకొస్తుంది. తేల్చమనగానే ఆర్టిస్టు తెలుపు కలుపుతాడు. ఆయిల్‌లో తెలుపు ఎక్కువైతే రంగు సుద్దలా చచ్చిపోతుంది, ఆ తేడాలన్నీ దాని కింద పూడుకుపోతాయి. చివరికి మిగిలేది ఎవరిదో తెలియని పౌడరు ముఖం.

దీనికి నేను ఎప్పుడూ చూపించే బొమ్మ ఒకటుంది. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1650లో రోమ్‌లో ఉండగా హువాన్ డి పరేహా అనే మనిషిని వేశాడు. పరేహా అప్పటికి వెలాస్కెజ్ దగ్గర బానిస, రంగులు నూరే సహాయకుడు, తర్వాత తానే చిత్రకారుడయ్యాడు. ఇప్పుడా బొమ్మ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, వాళ్ల సైట్‌లో పెద్దది చేసి చూడొచ్చు. నల్లటి చర్మం, తెల్లటి లేసు కాలరు, బూడిదరంగు బట్టలు, అంతే. నుదుటి మీద వెలుగు ఎలా పడిందో చూడండి, ఆ చూపులో ఉన్న నిబ్బరం చూడండి. అదే ఏడాది వెలాస్కెజ్ పోప్ పదో ఇన్నోసెంట్ బొమ్మ కూడా వేశాడు. పోప్‌ని ఎంత శ్రద్ధగా చూశాడో పరేహానీ అంతే శ్రద్ధగా చూశాడు. బాబాయి గారికి ఈ బొమ్మ చూపించండి, తర్వాత మాట్లాడుకోవచ్చు.

మన చర్మానికి నేను వాడే రంగులు ఎక్కువేం కావు. ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరైన్ (ముదురు నీలం), టైటానియం వైట్ (తెలుపు). నలుపు ట్యూబు ముఖం దగ్గరికి రానివ్వను. బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ కలిపితే వచ్చే ముదురు రంగుకి నలుపుకి లేని ప్రాణం ఉంటుంది. పసుపు రాసుకునే అలవాటున్న ఆడవాళ్లకి జుట్టు మొదట్లో, చెవుల ముందు సన్నగా పసుపు మిగిలిపోతుంది. నుదుటి మీద ఎన్నో ఏళ్లుగా బొట్టు పెట్టినచోట చర్మం కాస్త ముదురుతుంది. ఇలాంటివి ఫోన్ ఫోటోలో మాయమవుతాయి, ఎందుకంటే ఇప్పటి ఫోన్లు చాలావరకు చర్మాన్ని వాటంతట అవే నునుపు చేసేస్తాయి. ఇంకో చిక్కు, దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. అదే ఫోటోని నమ్మి బొమ్మ వేస్తే ఆ తప్పు కూడా బొమ్మలోకి వస్తుంది.

పోలిక ఎక్కడుంటుంది అనేది కొంచెం చెప్పాలి. గుర్తుపట్టడం, పోలిక ఒకటి కావు. మన డెల్టాలో ఎక్కడికెళ్లినా కాటన్ దొర విగ్రహం ఉంటుంది. టోపీ, గుర్రం చూసి చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు, ముఖం వైపు చూసేవాళ్లు తక్కువ. అలాగే కళ్లజోడు, పెద్ద బొట్టు, ముక్కుపుడక పెట్టేస్తే మీ మామ్మగారిని అందరూ గుర్తుపడతారు. పోలిక మాత్రం వాటిలో లేదు. కళ్లలో ఉంటుందని అంతా అంటారు గాని, నా అనుభవంలో పైరెప్ప బరువులోనూ, నోటి చివర్లలోనూ ఉంటుంది. రెండు పైరెప్పలూ ఎవరికీ ఒకేలా వాలవు. నోటి చివరైతే మరీ కష్టం, వెంట్రుకవాసి పైకెళితే వేరే మనిషి అయిపోతుంది. ఇంట్లో నలుగురు నిలబడి "అంతా బాగుంది, నోరే ఏదో తేడా" అనని పోర్ట్రెయిట్ నేను చూడలేదు. పెద్ద కొడుక్కి తెలిసిన నోరు వేరు, చిన్న కోడలికి తెలిసిన నోరు వేరు. అందుకే పని నడుస్తుండగా పదిమందినీ పిలిచి చూపించి తలా ఒక మాట అనిపించకండి. మీరు ఒక్కరే చూసి చెప్పండి.

ఇప్పుడు కూర్చోబెట్టే పద్ధతి. మీది మండువా లోగిలి అని రాశారు, అది చదివి నాకు నిజంగా సంతోషమేసింది. పోర్ట్రెయిట్‌కి అంతకన్నా మంచి స్టూడియో కట్టించినా రాదు. మండువాలోంచి వెలుతురు పైనుంచి, ఒకే వైపు నుంచి దిగుతుంది. ఎండ నేరుగా ముఖం మీద పడదు, కింద గచ్చు మీద పడి కొంచెం పైకి లేచి గడ్డం కింద నీడని మెత్తబరుస్తుంది. ఆవిడని మండువాకి ఓ పక్కగా, ఉత్తరపు వెలుతురు చెంప మీద పడేలా వాలుకుర్చీలో కూర్చోబెట్టండి. పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు లోపు బాగుంటుంది. రోజూ అదే వేళకి, అదే చోట, కుర్చీ కాళ్ల దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే మంచిది. పెరట్లో కొబ్బరిచెట్ల కింద కూర్చోబెడదామనిపిస్తుంది గాని వద్దు, ఆకుల మీంచి వచ్చే ఆకుపచ్చ ముఖమంతా పాకుతుంది. ట్యూబ్‌లైట్లు ఆర్పేయండి.

ఎనభై దాటిన మనిషిని ఒక్కసారికి ఇరవై నిమిషాలకి మించి కూర్చోబెట్టకూడదు. మధ్యలో లేచి నాలుగడుగులు వేయాలి, కాఫీ తాగాలి. టర్పెంటైన్ వాసన పెద్దవాళ్లకి ఊపిరి ఆడనివ్వదు, కాబట్టి ఆవిడ ముందు పలచన చేయడానికి టర్పెంటైన్ వాడొద్దని ఆర్టిస్టుకి ముందే చెప్పండి. ఉత్త నూనెతో పని జరుపుకోవచ్చు, లేదా ఆవిడ ఎదురుగా స్కెచ్‌లు, రంగు నోట్సు చేసుకుని మిగతాది తన గదిలో చేసుకోవచ్చు. ఆవిడతో మాట్లాడే మనిషి ఒకరు పక్కన ఉండాలి, ఆవిడకి ఇష్టమైన మనిషి అయితే మరీ మంచిది. కూర్చున్నంత సేపూ టీవీ పెట్టకండి, టీవీ చూసే ముఖానికి ఆవిడదంటూ ఏ భావమూ ఉండదు.

ఆర్టిస్టుని ఎంచుకునేటప్పుడు ఫోటోలు చూసి వేసిన బొమ్మలు కాకుండా, ఎదురుగా మనిషిని పెట్టుకుని వేసినవి చూపించమనండి. చిన్న స్కెచ్ అయినా సరే. మీ కంటికి కొంచెం అలవాటు కావాలంటే రాజమండ్రి వచ్చి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూడండి. చిత్రకారుడు రామారావు గారు 1897లో ఇక్కడే పుట్టి, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, తిరిగొచ్చి ఇక్కడ చిత్రకళ నేర్పి, 1925లో మశూచి సోకి 28 ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయారు. ఆయన పేరు నీటిరంగులకే ఎక్కువ. అయినా ఆయిల్ పోర్ట్రెయిట్ వేయించుకునేవాళ్లని కూడా నేను అక్కడికే పంపిస్తాను. ఆయన స్కెచ్‌ల ముందు నిలబడితే, మనిషిని ఎదురుగా చూసి గీసిన గీత ఎలా ఉంటుందో చెప్పకుండానే తెలుస్తుంది. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే.

చెమ్మ సంగతి. మీ భయం న్యాయమైనదే గాని, దానికి దారులున్నాయి. చట్రం టేకుతో చేయించండి, మామిడి చెక్కకి పురుగు పడుతుంది. కింది పొరల్లో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలన్నది పాత నియమం, అది పాటించకపోతే కొన్నేళ్లకి పగుళ్లు వస్తాయి. వానాకాలంలో ఆరడం ఆలస్యమవుతుంది, కంగారుపడి ఎండలో పెట్టకండి. వార్నిష్ కనీసం ఆరు నెలలు ఆగి వేయించండి. వాన కొట్టే గోడకి తగిలించకండి, ఏ గోడైనా సరే వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు పెట్టి గాలి ఆడనివ్వండి, లేకపోతే కాన్వాస్ వెనక బూజు పడుతుంది. అద్దం బిగించకండి, చెమ్మ లోపల చిక్కుకుంటుంది. పాలిథిన్‌లో చుట్టి దాచేవాళ్లున్నారు, అది ఇంకా చేటు. చీకట్లో ఉంచినా అవిసె నూనె పసుపు తిరుగుతుంది, వెలుతురున్న గదిలో ఉంటేనే బొమ్మ బాగుంటుంది. దీపం పైన పెడితే మసి పడుతుంది. బొట్టు పెట్టాలనుకుంటే ఫ్రేముకి పెట్టుకోండి, రంగు మీద కాదు. మీది లంక గ్రామం కాకపోయినా వరద రోజుల్లో దాన్ని పై అంతస్తులోకి మార్చేయండి.

సైజు కూడా అడిగారు. పెద్దది కావాలనే మోజు వద్దు. మోనాలిసా అంతా కలిపి 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు, అంటే సుమారు 30 అంగుళాలకి 21. మీ వసారాకి అది చాలు. ముఖం అసలు ముఖం కన్నా కాస్త చిన్నదిగా ఉండాలి, అసలు కన్నా పెద్దదైతే ఇంట్లో ఎవరో నిలబడి చూస్తున్నట్టు ఇబ్బందిగా ఉంటుంది. చేతులు కూడా వేయించండి. అంత వయసు చేతులు ముఖానికి తీసిపోవు, ఆర్టిస్టు కొంచెం ఎక్కువ అడిగినా ఇవ్వండి.

ఏ చీర, నగలు పెట్టాలా వద్దా, కళ్లజోడు ఉండాలా అన్నవి మీరూ బాబాయి గారూ తేల్చకండి, మామ్మగారినే అడగండి. పట్టుచీర కట్టుకుంటానంటే కట్టుకోనివ్వండి, రోజూ కట్టే నేత చీరే చాలంటే అదే. రోజంతా కళ్లజోడు పెట్టుకునే మనిషైతే మాత్రం తీయించొద్దు. తీసేస్తే ముక్కు మీద రెండు నొక్కులు కనిపిస్తాయి, కళ్లు చికిలిస్తారు, అప్పుడు పైరెప్పలు మారిపోతాయి. అద్దాల మీద మెరుపు ఇబ్బంది పెడుతుందని ఆర్టిస్టు అంటే, కూర్చున్నంత సేపు అద్దాల్లేని ఉత్త ఫ్రేము పెట్టించండి, కళ్లజోళ్ల షాపులో అడిగితే ఇస్తారు.